ఇంగ్లీషులో వారం, తారీఖు అడగడం, చెప్పడం: ఫోన్లో తడబడకుండా ఎలా?

శ్రావణి_తణుకు
05/03/2024, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ డెస్కులో కొత్తగా చేరాను. విదేశాల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు, ఇక్కడున్న అమ్మానాన్నల కోసం అమెరికా నుంచో లండన్ నుంచో ఫోన్ చేసేవాళ్లు, అందరితో మాట్లాడాల్సింది నేనే. తెలుగువాళ్లయితే రెండో మాటకే తెలుగులోకి దిగిపోతారు, ఇబ్బంది లేదు. మిగతావాళ్లతోనే చిక్కు. ఇంగ్లీషు చదువుతాను, మెయిల్ రాస్తాను. ఫోన్లో వారం, తారీఖు దగ్గరికి వచ్చేసరికి మాత్రం టెన్షన్.

“ఇవాళ ఏ వారం?”, “ఇవాళ ఎన్నో తారీఖు?” ఈ రెండూ విడివిడిగా ఎలా అడగాలి? “పై శుక్రవారం రండి” అని ఎలా చెప్పాలి? ఆన్, ఇన్, ఎట్ ఎక్కడెక్కడ వాడాలి? అమెరికా వాళ్లు తారీఖు తిరగేసి చెప్తారు కదా, దాన్ని ఎలా పట్టుకోవాలి? గ్రామర్ పుస్తకంలోలా కాకుండా, మాట్లాడేటప్పుడు వాడే మాటలు చెప్పండి.


మాస్టారు_నర్సీపట్నం
05/03/2024, రాత్రి 9:25

అమ్మా శ్రావణీ, మొదటి రెండు ప్రశ్నలకు నేను చెప్తాను. మిగతావి అక్కడే ఉంటున్నవాళ్లు చెప్తే బాగుంటుంది.

“వాట్ డే ఈజ్ ఇట్ టుడే?” అంటే వారం అడిగినట్టు. జవాబు “ఇట్స్ ట్యూజ్‌డే.” “వాట్స్ ద డేట్ టుడే?” అంటే తారీఖు అడిగినట్టు. జవాబు “ఇట్స్ ద ఫిఫ్త్ ఆఫ్ మార్చ్.” నెల ఇద్దరికీ తెలిసిందే అయితే “ఇట్స్ ద ఫిఫ్త్” చాలు. మనవాళ్లు కొందరు “వాట్ ఈజ్ టుడే?” అని ఆపేస్తారు. వారం చెప్పాలో, తారీఖు చెప్పాలో, పుట్టినరోజేమో అని గుర్తు చేయాలో ఎదుటివాడికి తెలియదు.

మన “ఎన్నో”కి సరిపోయే ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. వెతకొద్దు. “హౌ మెనీయత్” అని కొందరు సొంతంగా అచ్చు వేసుకున్నారు, బయట చెల్లదు. తారీఖు అడగడానికి “వాట్ డేట్” సరిపోతుంది.

పండగ ఏ వారం వచ్చిందో అడగాలంటే “వాట్ డే డజ్ ఉగాది ఫాల్ ఆన్ దిస్ ఇయర్?” ఈ ఏడాదికి జవాబు “ఇట్ ఫాల్స్ ఆన్ ఎ ట్యూజ్‌డే, ద నైంత్ ఆఫ్ ఏప్రిల్.” ఆ “ఎ ట్యూజ్‌డే”లో “ఎ” వదిలేయకు. ఏదో ఒక మంగళవారం నాడు పడింది అని దాని అర్థం. జరిగిపోయిన రోజుకైతే “వాట్ డే వజ్ ఇట్?” 1947 ఆగస్టు 15 శుక్రవారం కాబట్టి “ఇట్ వజ్ ఎ ఫ్రైడే.”

ఇంకొకటి. రాతలో 5 మార్చి 2024 అని మాత్రమే రాస్తాం. చదివేటప్పుడు “ద ఫిఫ్త్ ఆఫ్ మార్చ్, ట్వెంటీ ట్వెంటీ ఫోర్.” ఆ “ద”, “ఆఫ్” కాగితం మీద కనిపించవు, నోట్లో మాత్రం వస్తాయి. మన పిల్లలు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు “ఫైవ్ మార్చ్” అని చదివేస్తారు. అర్థమవుతుందిగానీ ఏదో లెక్క అప్పజెప్పినట్టుంటుంది.


పాలమూరు_పిలగాడు
05/03/2024, రాత్రి 10:02

మాస్టారూ దండం. శ్రావణక్కా, నేను నైట్ షిఫ్ట్ కాల్ సెంటర్‌ల పనిచేస్తున్న. వ్యాకరణం సంగతి మాస్టారు చూస్తరు. ఫోన్ల అసలు దెబ్బ ఎక్కడ పడుతదో నేను చెప్త.

13, 30. “థర్టీంత్”, “థర్టియత్”. లైన్ కొంచెం గరగర అంటే రెండూ ఒక్కతీరు వినిపిస్తయ్. 14-40 గోల తారీఖుల్లో రాదు, నెలకు నలభై రోజుల్లేవు కాబట్టి బతికినం. కానీ 13-30 మాత్రం పక్కా ముంచుతది. దాని తర్వాత ట్యూజ్‌డే, థర్స్‌డే. మనం థర్స్‌డేని గట్టిగా “త” పెట్టి అంటం, వాళ్లు నాలుక పళ్ల మధ్య పెట్టి గాలి వదులుతరు. మన ట్యూజ్‌డే వాళ్ల చెవిల ఏమైతదో దేవునికెరుక.

మా దగ్గర నేర్పిన ఉపాయం: వారం, తారీఖు ఎప్పుడూ కలిపే చెప్పాలె. “వెన్జ్‌డే ద థర్టీంత్.” వచ్చే 13 బుధవారం, 30 శనివారం. ఎదుటి మనిషి “థర్టియత్” అని విన్నా, బుధవారం అన్న మాటతో క్యాలెండర్ చూసి “ఆగాగు, 30 శనివారం కదా” అంటడు. ఒకటి తప్పితే ఇంకోటి పట్టిస్తది. ఇంకా అనుమానం ఉంటే “థర్టీంత్, వన్ త్రీ” అని అంకెలు విడివిడిగ చెప్పు. సిగ్గుపడేదేం లేదు, అమెరికోళ్లు కూడ అట్లనే చెప్తరు.


డాలస్_పద్మ
06/03/2024, ఉదయం 7:10

ముందుగా ఈ వేదిక గురించే ఒక మాట. శ్రావణి పోస్టు పైన 05/03 చూసి “మే 3న రాసిందా, అది ఇంకా రాలేదు కదా” అని ఒక్క క్షణం ఆగాను. ఇరవై ఏళ్లు ఇక్కడుంటే కళ్లకు ఆ అలవాటు పడిపోతుంది.

అమెరికాలో నెల ముందు, తారీఖు తర్వాత. మాటలోనూ అంతే: “మార్చ్ ఫిఫ్త్.” మాస్టారు చెప్పిన “ద ఫిఫ్త్ ఆఫ్ మార్చ్” అంటే ఇక్కడ అర్థమవుతుంది, కాకపోతే కాస్త పెళ్లి శుభలేఖ భాషలా ఉంటుంది. ఒక్క స్వాతంత్ర్య దినానికి మాత్రం వీళ్లూ “ఫోర్త్ ఆఫ్ జులై” అంటారు. ఎందుకలా అని అడిగితే నవ్వుతారు. 2001 సెప్టెంబరు 11 దాడుల్ని “నైన్ ఎలెవెన్” అంటాం, 2008 నవంబరు 26 ముంబయి దాడుల్ని “ట్వెంటీ సిక్స్ ఎలెవెన్” అంటాం. ఏ దేశం తారీఖు ఆ దేశం వరసలో పడింది.

తారీఖు 12 దాటితే భయం లేదు. 03/25 అంటే 25వ నెల లేదు కాబట్టి ఎవరికైనా తెలిసిపోతుంది. ప్రతి నెలా మొదటి 12 రోజులే ప్రమాదం. 04/05 అని నేను పంపితే అది ఏప్రిల్ 5. నువ్వు మే 4 అని రాసుకుంటావు. అందుకని, అమ్మా శ్రావణీ, మెయిల్లో గానీ వాట్సాప్‌లో గానీ నెలని అంకెతో రాయకు. 5 ఏప్రిల్ అనో ఏప్రిల్ 5 అనో అక్షరాల్లో రాయి. అమెరికా పాస్‌పోర్టులో కూడా నెల అక్షరాల్లోనే ఉంటుంది. మన ఇండియా పాస్‌పోర్టులో అంకెల్లో ఉంటుంది, రోజు ముందు. పేషెంటు పుట్టిన తేదీ పాస్‌పోర్టు చూసి ఎక్కించేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకో.


కృష్ణలంక_కుర్రాడు
06/03/2024, ఉదయం 9:48

ఇంత హడావుడి అవసరమా అండీ? “టుడే మార్నింగ్”, “యెస్టర్డే నైట్”, “టూ డేస్ బ్యాక్” అని మనదేశంలో కోట్లమంది మాట్లాడుతున్నారు. ఎవరికి అర్థం కాలేదు? లండన్ వాడు “దిస్ మార్నింగ్” అంటే ఒప్పు, బెజవాడ వాడు “టుడే మార్నింగ్” అంటే తప్పా? మన ఇంగ్లీషు మనది. శ్రావణి గారూ, మీరు ధైర్యంగా మాట్లాడండి, ఈ మాస్టార్లు అందరూ కలిసి మిమ్మల్ని ఇంకా భయపెడుతున్నారు.


లెస్టర్_లక్ష్మి
06/03/2024, మధ్యాహ్నం 2:30

కృష్ణలంక తమ్ముడూ, సగం ఒప్పుకుంటాను. ఇక్కడ వార్డులో నేను “టుడే మార్నింగ్” అన్నా పని ఆగలేదు. అందరికీ అర్థమైంది. “దిస్ మార్నింగ్”, “లాస్ట్ నైట్”, “టూ డేస్ ఎగో” అంటే ఇంకాస్త సాఫీగా ఉంటుంది, అంతే. వాటి గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

కానీ వినడానికి సరిగ్గానే ఉండి, అర్థం మాత్రం తారుమారయ్యేవి కొన్ని ఉన్నాయి. ఆసుపత్రిలో అవే కొంప ముంచుతాయి.

“ఇన్ టూ వీక్స్” అంటే రెండు వారాల తర్వాత. మనవాళ్లు దాన్ని “రెండు వారాల్లో, ఈలోపు ఎప్పుడైనా” అని వింటారు. దానికి “వితిన్ టూ వీక్స్” అనాలి. డాక్టరు “కమ్ బ్యాక్ ఇన్ టెన్ డేస్” అన్నాడంటే పదో రోజు అటూ ఇటూగా రమ్మని, నాలుగో రోజున కాదు.

“బై ఫ్రైడే” అంటే శుక్రవారం లోపు. “అన్‌టిల్ ఫ్రైడే” అంటే శుక్రవారం దాకా. మందు అన్‌టిల్ ఫ్రైడే వేసుకోవాలి, రిపోర్టు బై ఫ్రైడే పంపాలి. ఇవి తారుమారైతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

“ఎవ్రీ అదర్ డే” అంటే రోజు విడిచి రోజు. “ఎవ్రీ డే” అని విని రోజూ వేసుకునేవాళ్లున్నారు. మనకు అలవాటైన “ఆల్టర్నేట్ డేస్” కూడా ఇక్కడివాళ్లకు అర్థమవుతుంది. నేనైతే “వన్ డే ఎస్, వన్ డే నో, మండే, వెన్జ్‌డే, ఫ్రైడే” అని పేర్లతో సహా చెప్తాను. “బైవీక్లీ” అనే మాట నోట్లోకి రానివ్వకండి. వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా అని ఇంగ్లీషువాళ్లే కొట్టుకుంటారు. మనం వాడే “ఫోర్ట్‌నైట్” ఇక్కడ బ్రహ్మాండంగా నడుస్తుంది, అమెరికాలో మాత్రం పెద్దగా వాడరు.

ఇక నీ పై శుక్రవారం, శ్రావణీ. ఇవాళ బుధవారం. “దిస్ ఫ్రైడే” అంటే ఎల్లుండి, 8వ తారీఖు. “నెక్స్ట్ ఫ్రైడే” అంటే ఇక్కడ చాలామందికి 15. కొందరికి మాత్రం ముందుగా వచ్చే శుక్రవారమే, అంటే 8. ఇంగ్లండులో “ఫ్రైడే వీక్” అనే మాట ఒకటుంది, అది కచ్చితంగా 15, కానీ అమెరికా వాడికి చెప్తే బిక్కమొహం వేస్తాడు. దీనికి మందు పాలమూరు తమ్ముడు ముందే చెప్పాడు: “ఫ్రైడే ద ఫిఫ్టీంత్.” నెక్స్ట్ అన్న మాట విన్నప్పుడల్లా “సో దట్స్ ద ఫిఫ్టీంత్?” అని అడిగి ఖాయం చేసుకో.


శ్రావణి_తణుకు
06/03/2024, రాత్రి 9:05

లక్ష్మి గారూ, “ఇన్ టెన్ డేస్” సంగతి నిజంగా తెలియదు. రేపే మా డెస్కులో అందరికీ చెప్తాను. పాలమూరు తమ్ముడూ, నేను అక్కనే అని ఎలా కనిపెట్టావు?

ఇంకో రెండు. “మొన్న ఫోన్ చేశాను” అనాలంటే “డే బిఫోర్ యెస్టర్డే” అంటున్నాను, ప్రతిసారీ అంత పొడుగా? డాక్టరు గారు సోమ, గురువారాల్లో కూర్చుంటారని చెప్పాలంటే “మండే, థర్స్‌డే” అంటే చాలా, ముందు ఇంకేమైనా పెట్టాలా?


మాస్టారు_నర్సీపట్నం
06/03/2024, రాత్రి 9:50

మనం “మొన్న” అన్న ప్రతిసారీ నిన్నటికి ముందు రోజు అనే చెప్తున్నామా? “మొన్న సంతలో కనిపించాడు” అంటే వారం కిందటిదీ కావచ్చు. ఆ వదులు మొన్నకి ఇంగ్లీషులో “ది అదర్ డే.” లెక్క ప్రకారం మొన్నే అయితే “ద డే బిఫోర్ యెస్టర్డే”, పొడుగే, తప్పదు. ఎల్లుండికి “ద డే ఆఫ్టర్ టుమారో.” అటుమొన్నకి, ఆవలెల్లుండికి విడి మాటల్లేవు, “త్రీ డేస్ ఎగో”, “ఇన్ త్రీ డేస్ టైమ్” అని సరిపెట్టుకోవాలి. ఫోన్లో అయితే ఇవన్నీ మానేసి వారం పేరు చెప్పెయ్. “ఐ కాల్డ్ యూ ఆన్ మండే.”

డాక్టరు గారి సంగతి: “హీ ఈజ్ అవైలబుల్ ఆన్ మండేస్ అండ్ థర్స్‌డేస్.” చివర “స్” పెడితే ప్రతి సోమవారం, ప్రతి గురువారం అని. “ఆన్ మండే” అంటే ఒక్క సోమవారమే.

ఆన్, ఇన్, ఎట్ ఒకేసారి చెప్పేస్తాను. ఫలానా రోజు అని వేలు పెట్టి చూపించగలిగితే ఆన్: ఆన్ ఫ్రైడే, ఆన్ ద ఎయిత్, ఆన్ ఫ్రైడే మార్నింగ్. నెల, ఏడాది లాంటి పెద్ద ముక్కకు ఇన్: ఇన్ మార్చ్, ఇన్ ట్వెంటీ ట్వెంటీ ఫోర్. గడియారం సమయానికి ఎట్. ఒట్టి పొద్దున అయితే ఇన్ ద మార్నింగ్, రాత్రికి మాత్రం ఎట్ నైట్. ఎందుకంటే చెప్పలేను, అలాగే వస్తోంది. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందుంటే ఏదీ అక్కర్లేదు: “ఐ విల్ కాల్ యూ నెక్స్ట్ మండే.” టుమారో, యెస్టర్డే ముందు కూడా అంతే. “ఆన్ టుమారో” అని రాసిన సెలవు చీటీలు సర్వీసంతా దిద్దాను.

తారీఖుల పలుకు కూడా చూసుకో. ఐదు “ఫైవ్‌త్” కాదు, “ఫిఫ్త్.” పన్నెండు “ట్వెల్ఫ్త్”, ఎంతటివాడికైనా నోరు తిరగదు, నెమ్మదిగా అను. 21, 22, 23, 31కి చివర ఫస్ట్, సెకండ్, థర్డ్ వస్తాయి. బుధవారం రాతలో మధ్యన ఒక “డి” ఉంటుంది, నోట్లో ఉండదు, “వెన్జ్‌డే.” పాత ఏళ్లు రెండేసి అంకెలుగా చదవాలి: 1956 “నైన్‌టీన్ ఫిఫ్టీ సిక్స్”, 1905 “నైన్‌టీన్ ఓ ఫైవ్.” 2005ని మాత్రం “టూ థౌజండ్ ఫైవ్” అంటారు, బ్రిటన్‌లో మధ్యన “అండ్” పెడతారు.


ఎక్సెల్_రాజు
07/03/2024, ఉదయం 10:20

నోటి సంగతి తేలింది కాబట్టి షీటు సంగతి నేను చెప్తా. మీ డెస్కులో అపాయింట్‌మెంట్లు ఎక్సెల్‌లో పెడుతుంటే ముందు కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ చూడండి. చాలా సిస్టమ్స్ కొన్నప్పుడే అమెరికా ఇంగ్లీషుతో వస్తాయి, ఎవరూ మార్చరు. అప్పుడు మీరు 04/05/2024 అని మే 4 అనుకుని కొడితే, అది లోపల ఏప్రిల్ 5గా దాచుకుంటుంది. 25/05/2024 కొడితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తారీఖుగా తీసుకోదు, ఒట్టి అక్షరాలుగా వదిలేస్తుంది. గుర్తుపట్టడం సులువు: తారీఖుగా తీసుకున్నవి గడిలో కుడివైపు, తీసుకోనివి ఎడమవైపు అంటుకుని ఉంటాయి. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి కనిపిస్తే ఎడమవి కాదు, కుడివే అనుమానించండి. తప్పుగా మారినవి అక్కడే కూర్చుంటాయి.

రీజియన్‌ని ఇంగ్లీష్ ఇండియా చేసి, గడి ఫార్మాట్‌లో నెలను మూడక్షరాలు కనిపించేలా పెట్టుకోండి. గూగుల్ షీట్స్‌లో అయితే సెట్టింగ్స్‌లో లొకేల్ ఉంటుంది. ఫైళ్ల పేర్లకు ఏడాది-నెల-రోజు వరస వాడండి, 2024-03-07 లాగా. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం అదే చెప్తుంది, 1988 నుంచి ఉంది. ఫైళ్లు వాటంతటవే తారీఖు వరసలో నిలబడతాయి.


టొరంటో_తెలుగోడు
07/03/2024, రాత్రి 7:55

మా కెనడా బాధ చెప్పుకుంటే తీరదు. పక్కన అమెరికా, వెనక బ్రిటన్, లోపల ఫ్రెంచి. రోజు ముందు, నెల ముందు, ఏడాది ముందు, మూడూ కనిపిస్తాయి. ప్రభుత్వం ఏడాది ముందు పెట్టే పద్ధతి మంచిదంటుంది, జనం తమకు తోచింది రాస్తారు. తిండి పదార్థాల ప్యాకెట్ల మీద నెలకు రెండక్షరాల గుర్తు ఉంటుంది, ఇంగ్లీషుకీ ఫ్రెంచికీ రెంటికీ పనికొచ్చేలా. “ఎం.ఆర్.” అంటే మార్చి, “ఎం.ఏ.” అంటే మే. కొత్తగా వచ్చినవాళ్లు ఎం.ఏ. చూసి మార్చి అనుకుని మంచి పెరుగు పారేస్తారు. మా ఇంట్లో మా అత్తగారు ఇప్పటికీ ఆ గుర్తుల్ని నమ్మరు, మూత తీసి వాసన చూస్తారు.

శ్రావణి గారూ, కెనడా నుంచి ఫోన్ వస్తే అంకెలతో ఏం చెప్పినా మళ్లీ అడగండి. మేమేమీ అనుకోం.


పాలమూరు_పిలగాడు
07/03/2024, రాత్రి 11:40

అర్ధరాత్రి సంగతి ఎవరూ అనలేదు. రైలు టికెట్ మీద 15వ తారీఖు 00:10 అని ఉంటే, ఇంటి నుంచి బయలెల్లాల్సింది 14 రాత్రి. మనకు తెల్లారితేనే రోజు మారినట్టు. పంచాంగం కూడ సూర్యోదయం నుంచే కదా లెక్క. రైలు మాత్రం అర్ధరాత్రి దాటంగనే మారుస్తది. 15 రాత్రి సంచి సదురుకొని స్టేషన్‌కు పోయెటోళ్లు ప్రతి ఊర్ల ఉంటరు. శంషాబాద్ నుంచి తెల్లారగట్ల మూడింటికి పోయే ఫ్లైట్లకు గూడ ఇదే పంచాయితీ. ఇది ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె?


లెస్టర్_లక్ష్మి
08/03/2024, మధ్యాహ్నం 1:15

“ద నైట్ ఆఫ్ ద ఫోర్టీంత్” అంటే 14 రాత్రి. “ఇన్ ది అర్లీ అవర్స్ ఆఫ్ ద ఫిఫ్టీంత్” అంటే 15 తెల్లవారుజాము. రెండూ కలిపి చెప్తే గొడవ లేదు: “యువర్ ఫ్లైట్ ఈజ్ ఎట్ త్రీ ఎ.ఎం. ఆన్ ద ఫిఫ్టీంత్, సో లీవ్ హోమ్ ఆన్ ద నైట్ ఆఫ్ ద ఫోర్టీంత్.”

శ్రావణికి ఇది ఇంకా ముఖ్యం. సర్జరీకి ముందు ఏమీ తినకూడదని చెప్పేటప్పుడు “నథింగ్ ఆఫ్టర్ మిడ్‌నైట్ ఆన్ థర్స్‌డే” అంటే ఏ అర్ధరాత్రి? బుధవారం ముగిసేదా, గురువారం ముగిసేదా? సర్జరీ గురువారం పొద్దున అయితే “నథింగ్ టు ఈట్ ఆఫ్టర్ టెన్ ఓ క్లాక్ ఆన్ వెన్జ్‌డే నైట్” లాగా, వారం, గంట రెండూ చెప్పాలి. గంట ఎన్నింటికో మీ డాక్టరు చెప్పిందే చెప్పు, నేను ఊరికే పది అన్నాను. అలాగే “ట్వెల్వ్ ఎ.ఎం.”, “ట్వెల్వ్ పి.ఎం.” వద్దు. మిడ్‌నైట్, నూన్ అను.


డాలస్_పద్మ
08/03/2024, రాత్రి 8:30

శివరాత్రి జాగారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఇక్కడ ఇంకా పొద్దున్నే, మీకు రాత్రి. అదే చెప్పబోతున్నాను కూడా.

నేను మంగళవారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసి “కెన్ యూ కాల్ మీ టుమారో?” అంటే నీకప్పటికే బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. నీ టుమారో గురువారం, నా టుమారో బుధవారం. కాబట్టి టుడే, టుమారో రెండూ సముద్రం దాటి పనిచేయవు. “వెన్జ్‌డే మార్నింగ్, ఇండియా టైమ్” అని చెప్పు.

ఈ ఆదివారం, 10వ తారీఖున, అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అప్పటి నుంచి నా రాత్రి తొమ్మిది నీకు ఏడున్నరే. బ్రిటన్‌లో 31న జరుపుతారు. మన ఇండియాలో ఈ మార్పు లేదు, అందుకే మనవాళ్లకి గుర్తుండదు. ఈ మూడు వారాలూ లండన్, అమెరికా మధ్య తేడా కూడా మామూలు కంటే గంట తక్కువ. ముందే ఖాయం చేసిన ఫోన్ అపాయింట్‌మెంట్లన్నీ ఒకసారి చూసుకో.

ఇంకొకటి, పెద్దవాళ్ల పుట్టిన తేదీ. “వాట్స్ హర్ బర్త్‌డే?” అని అడిగితే నేను మా అమ్మ అసలు పుట్టినరోజు చెప్తాను. రికార్డులో ఉన్నది బడిలో వేయించిన తారీఖు. “వాట్స్ హర్ డేట్ ఆఫ్ బర్త్, యాజ్ ఆన్ ద పాస్‌పోర్ట్?” అని అడుగు. ఆ చివరి ముక్క మన తెలుగు కుటుంబాలకు తప్పనిసరి.


శ్రావణి_తణుకు
09/03/2024, ఉదయం 11:00

అందరూ చెప్పినవి కలిపి ఫోన్ పక్కన అంటించుకోవడానికి ఒకటి రాసుకున్నాను. దిద్దండి.

“యువర్ అపాయింట్‌మెంట్ ఈజ్ ఆన్ వెన్జ్‌డే, ద థర్టీంత్ ఆఫ్ మార్చ్, ఎట్ టెన్ థర్టీ ఇన్ ద మార్నింగ్, ఇండియా టైమ్. దట్స్ వన్ త్రీ, థర్టీంత్. ప్లీజ్ సెండ్ ద రిపోర్ట్స్ బై మండే ద ఎలెవెంత్. కుడ్ యూ రిపీట్ ద డే అండ్ డేట్ ఫర్ మీ, ప్లీజ్?”

అమెరికా వాళ్లకైతే “మార్చ్ థర్టీంత్” అని తిప్పుతాను.


మాస్టారు_నర్సీపట్నం
09/03/2024, మధ్యాహ్నం 12:10

దిద్దడానికేమీ లేదు. చివరి వాక్యం బాగా పెట్టావు. వాళ్ల నోటితో తిరిగి చెప్పించడం కంటే మంచి పరీక్ష లేదు. వాళ్లు “ద ట్వెల్ఫ్త్” అంటే “నో” అని మొదలుపెట్టకుండా “సారీ, ఇట్స్ ద థర్టీంత్” అని మెల్లగా అను.


కృష్ణలంక_కుర్రాడు
09/03/2024, సాయంత్రం 6:35

సరే, 13-30 విషయంలో నేనేమీ అనను. కానీ ఒక్కటి మిగిలింది. అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తే “పోస్ట్‌పోన్.” ముందుకి జరిపితే “ప్రీపోన్.” ఎంత చక్కటి మాట! ఇది కూడా వద్దంటారా?


లెస్టర్_లక్ష్మి
09/03/2024, రాత్రి 9:20

వద్దనను తమ్ముడూ, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది అది. ఇండియాలో హాయిగా వాడుకో. ఇక్కడ మాత్రం చాలామంది ఆ మాట విని ఉండరు. “బ్రింగ్ ఫార్వర్డ్” అంటారు. అమెరికా వాళ్లు “మూవ్ అప్” అంటారు. “మూవ్ ఫార్వర్డ్” మాత్రం వద్దే వద్దు, సగంమందికి అది ముందు రోజు, సగంమందికి తర్వాతి రోజు.

శ్రావణీ, నువ్వు ఈ మాటలేవీ లేకుండానే అడగొచ్చు. “కుడ్ యూ కమ్ ఎర్లియర్, ఆన్ మండే ద ఎలెవెంత్, ఇన్‌స్టెడ్ ఆఫ్ వెన్జ్‌డే ద థర్టీంత్?” ఇది లెస్టర్లోనూ డాలస్లోనూ కృష్ణలంకలోనూ ఒకేలా అర్థమవుతుంది.